మెథడాలజీ ప్రొఫెసర్

మాసన్ లేక్స్, శనివారం, నవంబరు 1999

పక్కింటి జర్మన్ పెద్దాయన నలభై ఏళ్లు గ్రీకు, రోమన్ దేవతల కథలు తవ్వడంలోనే గడిపాడు. ఇవాళ మా ఇంటి పెరట్లో బార్బీకి, అదే బార్బెక్యూ విందుకి వచ్చి, తాను మైథాలజీ ప్రొఫెసర్‌నని చెప్పాడు. ఆరు వారాల కోబాల్ కంప్యూటర్ కోర్సు వెలగబెట్టిన మా ఆయన చెవికి అది మెథడాలజీగా వినిపించింది! "సర్, వైటూకేకి ఏ మెథడాలజీ బెస్ట్?" అంటూ రెజ్యూమె ఆయన చేతిలో పెట్టాడు. శుంఠ.

పెద్దాయన నవ్వకుండా దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "మీరేం చదివారు?" అని నన్నడిగాడు.

"జస్ట్ తెలుగు, సర్," అన్నాడు మా ఆయన, నేను నోరు తెరిచేలోపే.

ప్రబంధాల మీద ఎం.ఫిల్. చేసినదాన్ని, పళ్లికిలించి, "యెస్, జస్ట్ తెలుగు," అన్నాను.

శుంఠ అనే మాట పైన మా ఆయనకే వాడేశాను. ఇక నన్ను నేనేమని తిట్టుకోను?