కొక్కెం

లాంబర్ట్ వీధి, పట్నం
జనవరి 19, సోమవారం

గౌరవనీయ పార్లమెంటు సభ్యురాలు శ్రీమతి దులారీ రామ్‌సరన్ గారికి, సభ రికార్డు విభాగంలో సీనియర్ స్టెనో యూలాలీ సెంపుల్ నమస్కరించి రాసుకునేది.

ఇక్కడిదాకా రాశాక సిగ్గేసింది దులీ. ముప్పై ఏళ్ళ ఆఫీసు అలవాటు. కలం పట్టుకుంటే చాలు, చెయ్యి దానంతటదే వంగి దణ్ణం పెట్టేస్తుంది. నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళ నొప్పులు, కారే పైకప్పు, ఎదురింటివాళ్ళ కుక్క, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నువ్వు కులాసాగా ఉన్నావా అని అడగడానికి మాత్రం నాకు మొహం చెల్లడం లేదు.

నిన్న మీ మోతీ బాబాయి పదమూడో రోజుకు వచ్చాను. నువ్వు నన్ను చూసి తల తిప్పుకున్నావు. తిప్పుకోవాల్సిందే. నేను వెనక, నీళ్ళ మరక పడిన గోడ పక్కన నిలబడ్డాను. మరక నా భుజం దాకా ఉంది. రెండు వారాలైనా పెరట్లో ఇంకా చీలమండ లోతు నీళ్ళు, కుళ్ళిన వరి వాసన. మీ ఊరికి స్మాల్ మెర్సీ అని పేరు పెట్టినవాడెవడో గాని ముందే అంతా తెలిసినవాడు. దయ ఉంది, అదీ కొంచెమే.

మీ పిన్ని నన్ను గుర్తుపట్టలేదు. తామరాకులో ఏడు కూరలూ వడ్డించి తనే తెచ్చి చేతిలో పెట్టింది. "తిను బిడ్డా, అట్టా గోడకి అంటుకుపోయావేం?" అంది. ఎక్కడ పని అని అడిగితే చెప్పాను. "అయితే మా దులారీ అక్కడ మాట్లాడేదంతా రాసేది మీరేనా? జాగర్తగా రాయండమ్మా. మా ఆయన అచ్చు పుస్తకం తెప్పించుకుని, కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివేవాడు. మన కోకర్ పేరు పార్లమెంటు పుస్తకంలో పడిందే, చూడవే అని మురిసిపోయేవాడు" అంది. నేను ఆ ఆకులో అన్నం మెతుకు మిగల్చకుండా తిన్నాను. అదీ నీకు తెలియాలి.

అక్కడే పందిట్లో నువ్వు మీవాళ్ళతో అన్నది విన్నాను. "గురువారం సభలో క్షమాపణ చెప్పేస్తాను. నాలుగు మాటలే కదా, నోరేం అరిగిపోదు. ఊళ్ళో నీళ్ళు తోడించాలంటే నేను ముందు లోపల ఉండాలి" అన్నావు. ఎవరో ముసలాయన, "మరి అబద్ధం ఆడింది నువ్వేనని ఒప్పుకున్నట్టు కాదా తల్లీ?" అంటే, "నీళ్ళకేం తెలుసు తాతా, ఎవరిది అబద్ధమో" అన్నావు.

దులీ, గురువారం క్షమాపణ చెప్పకు. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట కోసమే.

ఎందుకు చెప్పకూడదని అడుగుతావు. కారణం రాయబోయి మూడు కాగితాలు చింపాను. ముందు ఆ అక్టోబరు మధ్యాహ్నం సంగతి రాస్తాను. నువ్వు మర్చిపోయావని కాదు. నేను మర్చిపోలేదని నీకు తెలియడానికి.

ఆ రోజు క్రికెట్ మ్యాచ్. పత్రికలవాళ్ళు గ్యాలరీ ఖాళీ చేసి పోయారు, సభలో సగం బల్లలు బోసిగా ఉన్నాయి. మా టేపు మిషన్ ఆగస్టు నుంచీ పాడు, బాగు చేయించడానికి నిధులు లేవన్నారు. నువ్వు లేచి ప్రశ్న అడిగావు. రెండేళ్ళ కిందట పుచ్చిపోయిన పాత తలుపును లారీలో ఎత్తుకుపోయారే, సముద్రపు నీళ్ళు ఊళ్ళోకి రాకుండా ఆపే మదుగు, ఆ స్మాల్ మెర్సీ కోకర్‌కి కొత్త తలుపు కోసం ఎంత ఖర్చయింది అని. మంత్రిగారు కాగితం చూసి చదివారు, కోటీ ఎనభై లక్షల డాలర్లు, పూర్తిగా చెల్లించాం అని. నువ్వు వదల్లేదు. "డబ్బు వెళ్ళింది, సంతోషం. తలుపు వచ్చిందా? సముద్రం పోటెత్తినప్పుడు మా బాబాయి మూస్తున్నది ఇసుక బస్తాలూ చెక్కపలకలూనే" అన్నావు. దీనికి ఆయన కాగితంలో జవాబు లేదు. ఆయన నోట్లోంచి నిజం జారింది. తలుపు బిగించలేదు, అది రెండో విడత పనిలోకి వస్తుంది అన్నారు. వెనక బల్లల నుంచి ఎవరో "తలుపు లేకుండానే గడియ పెట్టారన్నమాట!" అని అరిచారు. సభ గొల్లుమంది. ఆ వెంటనే టీ విరామానికి లేచారు.

వారం తర్వాత అచ్చయిన పుస్తకంలో ఉన్నది ఇది: "తలుపు బిగించాం. (నవ్వులు)"

నవంబరులో నువ్వు మళ్ళీ లేచి, బిగించలేదని మీరే అన్నారు కదా, వానలు వచ్చేస్తున్నాయి, రెండో విడత ఎప్పుడు అని అడిగావు. మంత్రిగారు పుస్తకం తెరిచి చదివి వినిపించారు. సభను తప్పుదోవ పట్టించావని నీ మీద విచారణ వేశారు. కమిటీ ముందు నువ్వు ఒక్కటే అడిగావు. "తలుపు బిగించాం అంటే ఎవరైనా ఎందుకు నవ్వుతారండీ?" ఛైర్మన్ గారు, "సభ్యులు దేనికైనా నవ్వుతారమ్మా" అన్నారు. మీ పార్టీవాళ్ళు ఇద్దరు మేమూ విన్నాం అన్నారు గాని, వాళ్ళ చెవులకంటే పుస్తకానికే విలువ. చివరికి నన్ను పిలిచారు. నా షార్ట్‌హ్యాండ్ నోట్‌బుక్ బల్ల మీద పెట్టించారు. నోట్సూ అచ్చూ ఒకటేనా అని అడిగారు. ఒకటేనండి అన్నాను. క్షమాపణ చెప్పేదాకా నిన్ను సభలోకి రానివ్వకూడదని తీర్మానించారు. మెట్ల దగ్గర నువ్వు నన్ను ఆపి, "లాలీ, నీ చెవి మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదే" అన్నావు. అంతే అన్నావు. ఆ మాట నాలో ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

జనవరి ఆరున పోటు వచ్చింది. బాబాయి పలకలకు వీపు ఆనించి నిలబడ్డాడట. పక్కింటివాళ్ళు వచ్చేయమని కేకలు వేస్తే, "ఇంకో అరగంటలో తిరుగుతుంది పోటు, నాకు తెలీదా దీని సంగతి" అన్నాడట. ముప్పై ఒక్క ఏళ్ళు కోకర్ కాపలాదారుగా ఆ నీళ్ళ వేళలు చూసినవాడు. ఆ రోజు అవి ఆయన మాట వినలేదు.

నిన్న తిరిగి వెళ్ళేముందు కోకర్ దగ్గరికి వెళ్ళాను. రెండు స్తంభాలు, పైన దూలం, దూలం నుంచి గొలుసు, గొలుసు చివర తలుపు తగిలించాల్సిన ఇనప కొక్కెం. కొక్కేనికి ఏమీ లేదు. గాలికి ఊగుతూ చప్పుడు చేస్తోంది. అక్కడ చాలాసేపు ఏడ్చాను. నా ఏడుపు ఎవరికీ పనికిరాదని తెలిసీ ఏడ్చాను.

కొక్కెం చూస్తే మన మిస్ గ్రాంజర్ గుర్తొచ్చింది. టైపు స్కూల్లో, ఆవిడ షార్ట్‌హ్యాండ్ క్లాసులో మనిద్దరం ఒకే బల్ల. "గీత చివర ఈ చిన్న కొక్కెం పెడితేనే 'లేదు' అవుతుంది అమ్మాయిలూ. అది మర్చిపోయారా, లేదన్నది కాస్తా ఉందయిపోతుంది. మీ ఉద్యోగం ఉన్నది కాస్తా లేదయిపోతుంది" అనేది. నేను పెన్సిల్ గుచ్చి గుచ్చి రాస్తానని నన్ను రోజూ తిట్టేది. ఆ తిట్లు నాకు, లాభం నీకు. నేను పైకాగితం చింపి ఇచ్చేశాక, కిందికాగితం మీద పడిన నా పెన్సిల్ అచ్చు చూసి పరీక్షంతా కాపీ కొట్టేదానివి. పట్టుబడితే, "నేను లాలీ పేపర్ ముట్టుకోలేదు మిస్, ఒట్టు" అనేదానివి. అది నిజమే మరి. నీలాంటి గడుసుపిల్లను నేను మళ్ళీ చూడలేదు.

మార్చి నెలాఖరుకు నా ఉద్యోగం అయిపోతుంది. వీడ్కోలు సభకు ఉపన్యాసం కూడా సిద్ధమైందట, నమ్మకానికి మారుపేరు మిస్ సెంపుల్ అని. వినడానికి నేను అక్కడ ఉండననుకుంటాను.

మీ పిన్నికి నా నమస్కారాలు చెప్పు. చెప్పకపోయినా ఫర్వాలేదు. గురువారం మాత్రం ఆ నాలుగు మాటలూ అనకు.

ఒకప్పుడు నీ పక్కన కూర్చున్న
లాలీ

తా.క. ఇంత రాసీ అసలు సంగతి దాటేశాను. నువ్వు సరిగ్గానే విన్నావు. నేనూ సరిగ్గానే విన్నాను, సరిగ్గానే రాశాను. మర్నాడు మా పైఅధికారి ప్రెస్‌కాడ్ గారు మంత్రిత్వశాఖ పంపిన చీటీ ఒకటి నా బల్ల మీద పెట్టారు. మంత్రిగారి ఉద్దేశం 'బిగించాం' అని, సరిచేయగలరు అని. నన్ను ఎవరూ బెదిరించలేదు దులీ. ఎవరూ ఏమీ ఇవ్వలేదు. బెదిరించి ఉంటే ఇవాళ చెప్పుకోవడానికి ఒక సాకైనా ఉండేది. పెద్దమనుషుల తడబాట్లు దిద్దడం ముప్పై ఏళ్ళుగా నా పని. ఇదీ ఒక తడబాటే అనుకుని, కాదని తెలిసీ అనుకుని, రబ్బరు తీసుకుని కొక్కెం చెరిపేశాను. నవ్వులు తీసెయ్యమని చీటీలో లేదు, అందుకే ఉంచాను. మీ ఊళ్ళో కొక్కెం ఉంది, తలుపు లేదు. నా పుస్తకంలో తలుపు ఉంది, కొక్కెం లేదు. ఆ రెంటి మధ్యా మీ బాబాయి నిలబడ్డాడు.

ఆ నోట్‌బుక్ ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ఆఫీసు సొత్తు, దొంగతనమే. గురువారం సభకు పట్టుకెళ్ళు. నన్ను పిలిస్తే వస్తాను, ఇదే చెబుతాను. పిలవకపోయినా ఫర్వాలేదు. కమిటీ చూసిన పేజీ మాత్రం చూపించకు. ఆ తర్వాతి కాగితం ఖాళీగా ఉంటుంది, అక్కడితో టీకి లేచారు కదా. దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుగు పక్కనుంచి పడేట్టు పట్టుకో. ఎలా చూడాలో నీకు నేను చెప్పక్కర్లేదు.