రాక్షసుడి మొహం

బుధవారం, రాత్రి

జీవితమంతా పిల్లల పత్రికలకు బొమ్మల కథలు గీసిన మేనమామకు రేపు విజయనగరంలో సన్మానం. రాజులను తెల్లగా, రాక్షసులను నల్లగా గీసి తరతరాలకు విషం ఎక్కించాడని సభలోనే కడిగేద్దామనుకున్నాను. ముందు మొహం మీదే చెప్పాలని పొద్దున వెళ్లాను.

మావ నవ్వాడు. “రాజుల మొకాలు పత్రికోళ్లు పంపినవిరా, సూసి దించీసినాను. రాక్షసులు నీ ఇష్టమన్నారు. పొందూరు మగ్గం కాడ కూకున్న మీ తాత మొకమే పెట్టీసినాను. ఆయన బొమ్మ ఇంకెవుడేస్తాడు, సెప్పు?”

“ప్రతి కథలోనూ చంపించావు కదా మావా!”

“సంపినోడు కథ రాసినోడు. నేను బతికించినాను.”

ఇది లొంగుబాటా, తిరుగుబాటా? ఇంటికొచ్చి పాత సంచిక తీశాను. తాత చెవులే, తాత మీసమే. కోపం చల్లారలేదు, ఎవరి మీదో మాత్రం తేలడం లేదు. రేపు మైకు ముందు ఎవరిని తిట్టాలి? ఆయన్నా, ఇన్నేళ్లూ సొంత తాతను గుర్తుపట్టని నన్నా...