ముప్పయ్యో ఉపవాసానికి కూరిన తుపాకి

సత్తెనపల్లి,
జనవరి నెలాఖరు, ఆదివారం.

షాహిస్తాకు,

సలాం. ఇక్కడ నేనూ, ఇల్లూ, నువ్వు నాకు అప్పజెప్పి వెళ్ళిన మేకా కులాసాగానే ఉన్నాం. నాగపూర్‌లో నువ్వూ, నజ్మీనూ, అల్లుడూ, ఇంకా ఈ లోకంలోకి రాని ఆ చిన్నప్రాణమూ కులాసా అని తలుస్తాను. ఫోన్లో మాట్లాడదామంటే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, చివరికి నీ బదులు ఎదురింటి వాళ్ళు జవాబు చెబుతారు. అందుకే ఈ ఉత్తరం. పైగా ఇందులో సంగతి వీధి వినేలా అరిచేది కాదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. మేక ఇంకా ఈనలేదు. నజ్మీన్ ముందా ఇది ముందా అని చూస్తున్నాను, ఈ మాట దానికి చెప్పకు. ఏడాదికి సరిపడా మిరపకాయలు కొని, తొడిమలు తీయించి, మిద్దె మీద ఎండబోశాను. రంగు బాగుంది, ఘాటు నువ్వొచ్చి చెప్పాలి. వంట నేనే చేసుకుంటున్నాను. ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి ఎవరినీ భోజనానికి పిలవడం లేదు. నువ్వు లేని ఇల్లు నాకు బొత్తిగా బాగాలేదు.

ఇక నీ అసలు ప్రశ్న. "అక్క దగ్గరున్న తుపాకులు ఏవేంటో చూడండి, ఎంత పలుకుతాయో చెప్పండి, మధ్యలో తలదూర్చకుండా వచ్చేయండి" అని రాశావు. పోయినసారి జవాబు రాస్తూ ఈ ప్రశ్నను మాత్రం దాటేశాను. నువ్వు గమనించావని ఈసారి దాని కింద గీసిన రెండు గీతలు చూస్తే అర్థమైంది. మొదటి రెండు పనులూ చేశాను. మూడోదాని సంగతి మెల్లగా చెబుతాను.

మీ బావ ఖాదర్ భాయ్ పోయింది వానాకాలంలో. లైసెన్సు ఆయన పేరున ఉంది. మనిషి పోయాక తుపాకులు ఇంట్లో ఉంచకూడదు, స్టేషన్లో జమ చేయాలి. ఆ తర్వాత వారసులు వాటిని అమ్ముకోవచ్చు, లేదా తమ పేరున లైసెన్సు అడగవచ్చు. వాళ్ళబ్బాయి ముబీన్‌కి చిలకలూరిపేటలో తన లారీ స్పేర్ పార్టుల కొట్టు తప్ప వేరే లోకం లేదు కదా, రేపు మాపు అంటూ తండ్రి తుపాకుల్ని నెలల తరబడి వదిలేశాడు. స్టేషన్ నుంచి గట్టిగా కబురొచ్చాక పిన్ని మొగుడు, ఈ ఖాలూ గుర్తొచ్చాడు. ఉద్యోగమంతా పోలీసు ఆయుధాల గదిలో తుపాకులు విప్పి, తుడిచి, బిగించిన ఖాలూ ఇలాంటప్పుడే గుర్తొస్తాడు.

పోయిన నెల ఒక సోమవారం మీ అక్క ఊరు వెళ్ళాను. వదిన రెండు తుపాకులనూ పాత చీరలో చుట్టి తెచ్చి మంచం మీద పెట్టింది.

మొదటిది రెండు గొట్టాల తుపాకి. దాని కథ నీకు తెలుసు, ప్రతి పెళ్ళిలోనూ విన్నాం. పొగాకు కంపెనీ దొర మీ అక్క మామగారి పంట చూసి ముచ్చటపడి, సీమకు వెళ్ళిపోతూ బహుమానంగా ఇచ్చాడన్న తుపాకి. గొట్టాల కిందిభాగం నూనెగుడ్డతో తుడిచి చూశాను. మన ప్రభుత్వ ఫ్యాక్టరీ ముద్ర స్పష్టంగా ఉంది. దొరలంతా ఓడెక్కి వెళ్ళిపోయిన చాలా ఏళ్ళకు తయారైంది.

"అయితే మా మామగారు అబద్ధం చెప్పారంటారా, మరిదిగారూ?" అని అడిగింది వదిన.

"కొన్నాననడం కంటే ఇచ్చారనడం బాగుంటుంది కదా వదినా" అన్నాను. ఆమె నవ్వింది. తుపాకి మాత్రం మంచిది. గొట్టాల్లో తుప్పు లేదు, గుంటూరులో దుకాణంవాడు పేచీ లేకుండా తీసుకుంటాడు.

రెండోది మూతి నుంచి మందు కూరి పేల్చే పాత తుపాకి. ఊళ్ళో కమ్మరి చేసిన నాటు తుపాకి అని అందరం అనుకునేది. రంజాన్ నెలలో పొద్దు వాలగానే మిద్దె మీద నుంచి గాల్లోకి పేల్చేది దీన్నే. మసీదు మైకు పొలాల దాకా వినపడదు. ఈ మోత విన్నాకే చేలల్లో ఉన్న మనవాళ్ళు ఖర్జూరం నోట్లో వేసుకుంటారు. పత్తి తీసే హిందువుల ఆడవాళ్ళు కూడా ఈ మోత విని గోతాలు కట్టేసి ఇళ్ళకు బయల్దేరతారు. గుళ్ళు ఉండవు, ఉత్త మందూ, దాని మీద పత్తి ఉండా. మీ అక్క మామగారి తర్వాత ఆ పని ఖాదర్ భాయ్‌ది.

మీట నొక్కితే పడి కొట్టే గుర్రం పక్కనున్న ఇనుపరేకు మీద మసి గోకితే కింద కిరీటం గుర్తు, పాతకాలపు ఇంగ్లీషు సంవత్సరం బయటపడ్డాయి. సీమలో సిపాయిల కోసం చేసిన తుపాకి! దొర తుపాకి మనదైంది, కమ్మరి తుపాకి దొరదైంది. నాకు నవ్వాగలేదు. ఫొటోలు దుకాణంవాడికి పంపితే టీ తాగేలోపు ఫోన్ చేశాడు. పాతవస్తువులు సేకరించేవాళ్ళు దీనికి రెండు గొట్టాల దానికంటే చాలా ఎక్కువ ఇస్తారట. ఆ మాట దాచకుండా ముబీన్‌కి చెప్పాను.

"అయితే రెండూ ఇచ్చేద్దాం ఖాలూ. అమ్మ నా దగ్గరకొచ్చేస్తుంది, ఇక్కడ ఇంకేముంది?" అన్నాడు వాడు. వదిన అప్పుడే తాగిన టీ మళ్ళీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

అప్పుడు చేశాను, అన్నిటికంటే ముందు చేయాల్సిన పని. పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాడు ఇలా మర్చిపోతే గూబ పగలగొట్టేవాణ్ణి. ఖాదర్ భాయ్‌కి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది కాబట్టి తుపాకి ఖాళీగానే ఉంటుందని నా ధీమా. మందు కూరే ఇనుప కడ్డీని గొట్టంలోకి జారవిడిచాను. అడుగుదాకా పోలేదు. నాలుగు వేళ్ళ మందాన ఏదో అడ్డుంది. అంటే తుపాకి నిండి ఉంది. అంతసేపూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని గోకుతూ కూర్చున్నాను!

ముబీన్ బయట దుకాణంవాడితో ఫోన్లో బేరం మాట్లాడుతున్నాడు. చెంబెడు నీళ్ళు గొట్టంలో పోసి, మందు బాగా నానాక పత్తి ఉండను లాగి, అంతా బయటికి తీశాను. గుళ్ళు లేవు. ఏళ్ళనాటి మందు కాదు, ఈమధ్య కూరిందే. వదిన గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడి ఉంది.

"వదినా, భాయ్ చెయ్యి పడిపోయాక రెండు రంజాన్లు వెళ్ళాయి. ఇది ఎవరు కూరారు?"

"నేనే, మరిదిగారూ" అంది. గ్లాసులు కింద పెట్టింది. "ఉపవాసం ఉన్నప్పుడు చేతులు వణుకుతాయి కదా. అందుకని ఒకరోజు పేల్చాక, తుపాకి తుడుచుకుని, మర్నాటికి అప్పుడే కూరి పెట్టుకునేదాన్ని. పోయిన రంజాన్లో ఇరవైతొమ్మిదో రోజు కూడా అట్టాగే ముప్పయ్యో రోజుకి కూరేశా. ఇంతలో మైకులో చెప్పారు, నెలవంక కనపడింది, రేపే పండగని. ఇంక సేమ్యాల హడావుడి. తర్వాత ఆయనకి జబ్బు ముదిరింది. మర్చేపోయా."

"కూరింది సరే. పేల్చింది ఎవరు?"

"చెయ్యి లేనాయన ఎట్టా పేలుస్తాడు? ఇద్దరం మిద్దె ఎక్కేవాళ్ళం. పిట్టగోడ చాటున నేను పేల్చేదాన్ని. మోత అయ్యాక ఆయన కర్ర పట్టుకుని లేచి నిలబడి ఊరికి కనపడేవాడు. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు."

షాహిస్తా, నాకు ముందు భయం వేసింది. ఆ గొట్టం పగిలి ఉంటే మీ అక్క మొహం ఏమయ్యేదో నాకు తెలుసు, అలాంటివి చూశాను. లైసెన్సు లేని మనిషి పేల్చడం నేరమని కూడా చెప్పాను. ఆ తర్వాత, దాచడమెందుకు, ఆమె మీద నాకు చాలా గౌరవం కలిగింది.

"రంజాన్ దగ్గరికొస్తుంది మరిదిగారూ. లైసెన్సు నా పేరున రాదా?" అని అడిగింది. "ఏడాదికి ఒక్క నెల పనే. కానీ ఆ నెల నేను మిద్దె ఎక్కితే ఊరంతా నీళ్ళగ్లాసు పట్టుకుని ఆగుతుంది. ఇది అమ్మేసి నన్ను చిలకలూరిపేట తీసుకెళ్తే అక్కడ నేను టీవీ చూడాలి. అంతే."

ఇప్పుడు మూడో సంగతి. తలదూర్చాను. ముబీన్‌ను పిలిచి రెండు గొట్టాలది అమ్ముకోమన్నాను, ఈ రెండోది వద్దన్నాను. వాడు నా మీద అరిచాడు. అప్పుడు వదినే వాడికి అంతా చెప్పింది. వాడు "నాకు కూడా చెప్పలేదేంటమ్మా?" అని ఒక్కటే అడిగాడు. వారసుడిగా తనకు అభ్యంతరం లేదని సంతకం మాత్రం పెట్టాడు. తుపాకులు రెండూ స్టేషన్లో జమ చేశాం. దరఖాస్తు పెట్టించడానికి వదినను గుంటూరు తీసుకెళ్ళింది నేనే. తుపాకి వాడకం నేర్పి సర్టిఫికెట్ ఇచ్చేచోట చేర్పించిందీ నేనే. అక్కడి కుర్రాళ్ళు ముందు నవ్వారు, రెండోరోజు లేచి కుర్చీ ఇచ్చారు. నువ్వు వద్దన్న పని నెలరోజులుగా చేస్తూ, నీకు మేక గురించి రాశాను. కోప్పడు, పడతాను.

మొన్న గురువారం లైసెన్సు విచారణకు ఎస్సై మాధురి గారు వదిన ఇంటికి వచ్చారు. చిన్న వయసు, మాట తక్కువ. ఇరుగుపొరుగును అడగడం వాళ్ళ పద్ధతి. ఎదురింటి రైతు యలమందనూ, పక్కింటి పిచ్చమ్మనూ పిలిపించారు.

"ఈవిడకి తుపాకి లైసెన్సు ఇస్తే మీకేమన్నా అభ్యంతరమా?" అని అడిగారు.

"కొత్తగా అభ్యంతరమేంటమ్మా?" అన్నాడు యలమంద, పొలంలో మాట్లాడినంత గట్టిగా. "రెండేళ్ళ నుంచీ పేలుస్తుంది ఈమేగా!"

ముబీన్ నేల చూశాడు. దరఖాస్తు ఆ ఒక్కమాటతో పోయినట్టే, కేసు కూడా పెట్టొచ్చు.

"మీకెలా తెలుసు?" అన్నారు ఎస్సై.

"మా గేదెల్ని అడగండి. ఖాదర్ సాయిబు పేలిస్తే తాళ్ళు తెంచుకునేయి. ఈమె పేలిస్తే తలెత్తి చూసి మళ్ళీ మేత మేస్తున్నాయి."

ఎస్సై గారు వదిన వంక చూశారు, నా వంక చూశారు. తర్వాత కానిస్టేబుల్ వైపు తిరిగి, "గేదెల వాంగ్మూలం మనకక్కర్లేదు. ఇరుగుపొరుగుకు అభ్యంతరం లేదని రాయి" అన్నారు. టీ తాగకుండానే లేచారు. రంజాన్‌లోపు ఉత్తర్వు రావచ్చని నా అంచనా.

జీపు వెళ్ళిపోయాక వదిన మంచం మీద కూలబడింది. "ఇంకా ఎవరెవరికి తెలుసు?" అని అడిగింది.

"ఊరంతటికీ తెలుసు" అంది పిచ్చమ్మ. "ఆయన అంత కష్టపడి లేచి నిలబడుతుంటే ఎట్టా అంటాం? సాయిబు చిన్నబుచ్చుకుంటాడని ఎవరం నోరెత్తలా."

వదిన కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఖాదర్ భాయ్ పోయినప్పుడు ఆమె ఏడవడం నేను చూడలేదు, ఆరోజు చూశాను. కాసేపటికి మొహం తుడుచుకుని యలమందను పిలిచింది.

"ఏం యలమందా, మోత మరీ అంత తగ్గిందా?"

"కొంచెం తగ్గిందమ్మా."

"సరేలే. ఈసారి మందు కాస్త ఎక్కువ పోస్తా."

పోయకూడదని అక్కడికక్కడే గట్టిగా చెప్పాను. ఆమె నా వైపు చూడనైనా లేదు.

ఇట్లు,
నీ మాట మొదటిసారి కాదన్న
నీ భర్త,
నజీర్