మీ ఫోన్ నా దగ్గరే ఉంది

శ్రీవారికి,

మీ భార్య నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ బుడ్డదీ ఒంట్లో బాగానే ఉన్నాం. మీరూ బాగానే ఉన్నారని మీ అక్షరాలను బట్టి అనుకున్నాను. ఈసారి అవి గీతల మీదే నడిచాయి, పోయినసారిలా కాగితం అంచు దాటి పారిపోలేదు.

ఇంటి నుంచి ఉత్తరం వస్తే మీ డీ-అడిక్షన్ సెంటర్లో అందరూ గుండ్రంగా కూర్చుంటారనీ, దాన్ని పైకి చదవాలనీ రాశారు. ఈ నియమం పెట్టిన పెద్దాయనకు వాళ్ళావిడ ఎప్పుడూ ఉత్తరం రాసి ఉండదు. సరే, వింటున్న అన్నయ్యలకూ తమ్ముళ్ళకూ నా నమస్కారాలు. మా ఆయన మధ్యలో దగ్గితే కాస్త చూసుకోండి. మాట దాటెయ్యాలనుకున్నప్పుడే ఆయనకు దగ్గు వస్తుంది.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు చెప్తాను. వంటింట్లో కుళాయి కారడం ఆగింది. ఎవరినీ పిలవలేదు, వాషరు కొనుక్కొచ్చి నేనే వేశాను. లిఫ్టులు బాగుచేసే మొగుణ్ణి పెట్టుకుని ఇన్నేళ్ళు దాని కింద గిన్నె పెట్టాను. మీ పనిముట్ల పెట్టె అమ్మలేదు, మంచం కిందే ఉంది. మీ మేనేజరు బస్టాపు దగ్గర కనిపించాడు. "ఆయన చేతి పని ఇంకొకరికి రాదమ్మా. కానీ నెల మొదట్లోనే అడ్వాన్సు అడిగితే నేనెక్కణ్ణుంచి తెచ్చేది?" అన్నాడు. ఉద్యోగం ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు. నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు.

బుడ్డది మీ గురించి అడుగుతోందా అని రాశారు. పెద్దగా అడగదు. ఒక్కసారి మాత్రం జడ వేయించుకుంటూ, "అక్కడ నాన్నకి ఆడుకోడానికి ఏమిస్తారు?" అంది. ఏమీ ఇవ్వరన్నాను. "మరి పాపం రోజంతా ఏం చేస్తాడు?" అంది. జడ గట్టిగా లాగాను, అది అరిచింది, ఆ మాట అక్కడితో పోయింది.

మీ అక్క ఆదివారం ఆదివారం వస్తోంది. వచ్చినప్పుడల్లా కుర్చీలో కూర్చోకముందే మిమ్మల్ని తిట్టడం మొదలుపెడుతుంది. వెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మంలో ఆగి, "వాడు సరిగ్గా తింటున్నాడో లేదో" అంటుంది. మీ అప్పుకు హామీ సంతకం పెట్టిన మనిషి ఆవిడ. మన వాయిదా ఒక్కటి తప్పినా ఫైనాన్సు వాళ్ళు వెళ్ళేది ఆవిడ గుమ్మంలోకే. అది తలుచుకుంటే వదిన ముందు నాకు ముఖం చెల్లదు. అయినా ఆ మాట ఆవిడ ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఇక మీరు ఉత్తరం చివర్లో, పోనీలే అన్నట్టు రాసిన సంగతి. ఇంట్లోవాళ్ళు ఒప్పుకుని సంతకం పెడితే మిమ్మల్ని ఒకటో తారీకున పంపించేస్తారట. "పెడతావా?" అని ఒక్క మాట రాసి వదిలేశారు. వాళ్ళు పంపిన కాగితం కూడా వచ్చింది. దానికి జవాబు చెప్పాలంటే ముందు మీ ఫోన్ సంగతి చెప్పాలి.

వెళ్ళే రోజు దాన్ని నా చేతిలో పెట్టి, "నంబరు పోనివ్వకు, బ్యాంకు మెసేజులు, ఫైనాన్సు వాళ్ళ ఫోన్లు దానికే వస్తాయి" అన్నారు. అందుకని రోజూ చార్జింగు పెట్టి సంచీలో వేసుకుని ఆస్పత్రిలో పనికి తీసుకెళ్ళేదాన్ని. బ్యాంకు మెసేజు వారానికొకటి వస్తే, మిమ్మల్ని అక్కడికి చేర్చిన ఆ డబ్బులాట వాళ్ళవి రోజుకు అరడజను వచ్చేవి. మీరు లేక వెలితిగా ఉంది అని ఒకటి. మీ చోటు అలాగే ఉంచాం అని ఇంకొకటి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మీరు నాకు చెప్పని మాటలన్నీ ఎవరో మీకు చెప్తున్నారు. మధ్యాహ్నం అన్నాలప్పుడు మా కత్తెరమ్మకు చదివి వినిపించేదాన్ని. మా బట్టల గదికి పెద్ద ఆవిడ, నడుముకు కత్తెర కట్టుకుని తిరుగుతుంది కదా, మీరు చూశారు. ఇద్దరం కడుపుబ్బ నవ్వేవాళ్ళం.

ఒక రోజు వచ్చిన మెసేజులో, మీ ఖాతాలో ఐదు వందలు ఉచితంగా వేశాం, ఇవాళ వాడకపోతే పోతాయి అని ఉంది. కత్తెరమ్మ ఆ రోజు సెలవు.

నా పని మీకు తెలుసు, వింటున్నవాళ్ళకు తెలియదు కాబట్టి చెప్తున్నాను. ఆస్పత్రి దుప్పటి ఎప్పుడూ నడుమ అరుగుతుంది, రోగి పడుకునేది అక్కడే కదా. దాన్ని నిలువునా రెండుగా కోసి, గట్టిగా ఉన్న పక్క అంచుల్ని మధ్యకు తెచ్చి కలిపి కుడతాం. అరిగిన వైపు పరుపు కిందికి పోతుంది. ఇంకా చిరిగితే దిండు గలీబు, గలీబు చిరిగితే తుడుపు గుడ్డ. ఇన్నేళ్ళలో జానెడు గుడ్డ పారేసి ఎరగను. అలాంటిదాని చేతిలో పెట్టి, వాడకపోతే పోతాయి అంటే ఊరుకోబుద్ధి కాలేదు. మన డబ్బు కాదు కదా అనుకున్నాను. పాస్‌వర్డు బుడ్డదాని పుట్టినరోజే. ఫోన్లో ఆ ఆట తెరిచి రంగుల చక్రం తిప్పాను.

వచ్చింది. నా జీతంలో సగం వచ్చింది.

ఇక్కడ మీరు దగ్గకండి. పైకే చదవండి. చదవలేకపోతే పక్కన కూర్చున్నవాళ్ళకివ్వండి.

అది సంతోషం కాదండీ. ఏమిటో మీరు చాలాసార్లు చెప్పబోయారు, నేను చెప్పనివ్వలేదు. నెత్తి మీద బరువును ఎవరో ఒక్క నిమిషం అందుకున్నట్టు ఉంది. మెడ తిప్పుకోవచ్చు, అటూ ఇటూ చూడొచ్చు. తర్వాత బరువు మళ్ళీ నెత్తికెక్కుతుంది, ఆ నిమిషం మాత్రం గుర్తుండిపోతుంది.

ఆ డబ్బుతో ఆ నెల వాయిదా కట్టాను. ఇంత ముందుగా ఎలా కట్టావని వదిన అడిగితే ఓవర్‌టైము చేశానన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నువ్వుండబట్టి మా వాడు బతికిపోయాడే" అంది. నేను అవునన్నట్టు తలూపాను.

రెండోసారి ఉచితం ఏమీ లేదు, నా డబ్బే వేశాను. అప్పు మొత్తం ఒక్కసారి తీరిపోతే మీరు వచ్చేసరికి ఇల్లు తేలిగ్గా ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. సరిగ్గా ఈ మాటే మీరు అన్న రోజు నేను గరిటె విసిరాను. గోడ మీద దాని గుర్తు ఇంకా ఉంది. అది చూస్తూనే ఆడాను.

వివరాలెందుకు, మీకు తెలియనివి కావు. పోయింది రాబట్టుకోవాలని వేసిందీ పోయింది. బుడ్డదానికి బోర్డు మీద అక్షరాలు కనబడటం లేదని టీచరు చెప్తే కళ్ళజోడు కోసం కొంత పక్కన పెట్టాను, మీకు రాశాను కూడా. అదీ వేశాను. పిల్ల అడిగితే కళ్ళజోళ్ళ షాపు మూసేశారన్నాను. అది నా ముఖంలోకి చూసి, "నిజంగా మూసేశారా, నాన్న చెప్పినప్పుడు మూసేసినట్టా?" అంది. కోపంగా అనలేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది. నిజంగానే మూసేశారని చెప్పాను. అంతకంటే సిగ్గుపడాల్సిన పని నా జన్మలో చెయ్యలేదు. ఆ సిగ్గుతోనైనా ఆగానా అంటే, ఆ మర్నాడే మళ్ళీ ఆడాను.

అన్నం మానేసి గుడ్డల బీరువా వెనక నిలబడి ఆడేదాన్ని. పనిలో ధ్యాస ఉండేది కాదు. పోయిన వారం కత్తెరమ్మ నేను కుట్టిన దుప్పటిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. దాన్ని నడుమ కోసి, అంచులు మధ్యకు తేవడం మరిచిపోయి, అరిగిన ముక్కల్నే మళ్ళీ ఒకదానికొకటి కలిపి కుట్టాను. అదీ ఎంతో నీటుగా, డబల్ కుట్టు వేసి.

"కోసింది కోసినట్టే మళ్ళీ కుట్టావేంటే? ఇంట్లో ఏమైనా అయిందా?" అంది.

"తలనొప్పి" అన్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

ఆవిడ దుప్పటి మడిచి నా ఒళ్ళో పెట్టి, కుట్లు విప్పమని చెప్పి వెళ్ళిపోయింది. అప్పటికి ఈ నెల వాయిదా డబ్బు కూడా అయిపోయింది. రేపో ఎల్లుండో ఫైనాన్సు వాళ్ళు వదిన గుమ్మం ఎక్కుతారు.

కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. ఎప్పుడో ఒకప్పుడు మీరిలా అడుగుతారని తెలుసు కాబట్టి వద్దని రాయడానికి మాటలు చాలా రోజుల కిందటే కూర్చి పెట్టుకున్నాను. బుద్ధి, బాధ్యత, పిల్ల భవిష్యత్తు, ఒకటా రెండా, మిమ్మల్ని కడిగి పారెయ్యడానికి సరిపడా ఉన్నాయి. వాటిల్లో ఒక్కటి కూడా ఇప్పుడు నా నోట రాదు. మీ మీద కోపంతోనో, నమ్మకం లేకనో వద్దనడం లేదు. అక్కడ ఆ ఆట లేని ఇల్లొకటి మీకు దొరికింది. ఒకటో తారీకున వస్తే ఆటగత్తె ఉన్న ఇంటికి వస్తారు. ఇద్దరం ఒకరికొకరం సాయం పడతాం, కానీ ఏ పనికి సాయం పడతామో నాకు తెలుసు. అందుకని ఇంకొన్నాళ్ళు అక్కడే ఉండండి. మీరు వస్తానన్నప్పుడు నేను వద్దనాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంది.

ఈ ఉత్తరం పోస్టులో వేసి నేరుగా వదిన ఇంటికి వెళ్తాను. వాళ్ళు వచ్చేలోగా నా నోటితో నేనే చెప్పాలి. ఫోన్ ఆవిడకిచ్చేసి, వచ్చే నెల నుంచి నా జీతం ఆవిడ ఖాతాలో పడేలా రాసిస్తాను. ఆవిడ తిడుతుంది, ఏడుస్తుంది, మళ్ళీ తిడుతుంది. తమ్ముణ్ణి తిట్టడానికి ఇన్నాళ్ళూ నేను తోడున్నాను, ఇప్పుడు ఒంటరిగా ఇద్దర్నీ తిట్టుకోవాలి పాపం. ఇవన్నీ చేస్తానని రాస్తున్నాను గానీ, ఇంకా చెయ్యలేదు. ఫోన్ ఈ కాగితం పక్కనే ఉంది. రాస్తూ రాస్తూ రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను.

అక్కడికి వెళ్ళిన మొదటి రోజు ఎలా గడిచిందో మీరు ఏ ఉత్తరంలోనూ రాయలేదు. వినే ఓపిక లేక నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. పొద్దున లేచాక ముందు ఏం చేశారు, అన్నం సయించిందా, చేతులు ఊరుకోనప్పుడు వాటిని ఎక్కడ పెట్టుకున్నారు, చీకటి పడేదాకా ఎలా నెట్టుకొచ్చారు, అన్నీ రాయండి. నాకు తెలిసినవాళ్ళలో ఇది తెలిసింది మీరొక్కరే. కొంచెం త్వరగా రాయండి.

ఇట్లు,
మీ ఇల్లాలు