ఒక్క మాట వేషం

మోక్పో, 1979 మార్చి 5

చిరంజీవి బావమరిది దోసిక్‌కి బావ మాన్‌సూ రాసేది.

ఇక్కడ అందరం క్షేమం, మీ కంపెనీ సినిమా చూసిన నేను తప్ప. ఏమిట్రా అది? హీరో బస్సు నడుపుతున్నాడా, గంజి కలుపుతున్నాడా? మలుపులో అద్దం చూడడు, హీరోయిన్‌ని చూస్తాడు. ఇరవై రెండేళ్లు హేనం రూటులో బస్సు నడిపినవాణ్ణి, ఒళ్లు మండిపోయింది. తల్లి పోతే ఆ ఏడుపేమిటి, ఊరంతా వినాలనా? ఇతనే ఆమధ్య పడవవాడి వేషంలో తెడ్డు పట్టుకుని ఊరికే నిలబడితే, ఇంటికొచ్చి నేను అన్నం ముట్టలేదు. అసిస్టెంటు డైరెక్టరువి కదా, నువ్వైనా చెప్పొద్దూ? ఆ సీట్లో అసలైన డ్రైవరు కూర్చునుంటే సినిమా ఎక్కడికో పోయేది.

ఇట్లు,
మాన్‌సూ

తా.క. మీ అక్క ఒక్‌బున్ ఏడ్చింది. సబ్బు ప్రకటనకి కూడా ఏడుస్తుంది, లెక్కలోకి తీసుకోకు.

సియోల్, మార్చి 14

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీ మనసులో మాట అర్థమైంది. వేషం కావాలని నోరు తెరిచి అడగటానికి మొహమాటపడ్డారు. మీ ఉత్తరం డైరెక్టరుగారికి చూపించాను. వచ్చే నెల మోక్పోలోనే షూటింగు, బస్సు డ్రైవరు మీరే. ఒక అమ్మాయి ఎక్కబోతూ "ఇది రేవుకి వెళ్తుందా?" అంటుంది. మీరు "వెళ్తుంది" అనాలి. అంతే. నాకు సియోల్లో వేరే పనుంది, రాలేను.

మీ దోసిక్

తా.క. జుట్టుకి రంగు వేయకండి.

మోక్పో, మార్చి 20

ఒరేయ్ దోసిక్,

వేషం నేను అడిగానా? అడగలేదు. అయినా మీకంత అవసరం పడితే కాదంటానా! "వెళ్తుంది"ని నలభై రకాలుగా అని చూశాను. కోపంగా, జాలిగా, రేవులో ఎవరో మునిగిపోయినట్టు కూడా. షూటింగు చూడ్డానికి డిపోలో ముప్పై ఎనిమిది మంది సెలవు పెట్టారు. పోస్టరు మీద నా పేరు హీరో పేరు కింద వేసినా ఏమీ అనుకోను.

మాన్‌సూ

తా.క. రంగు వేసేశాను.

మోక్పో, ఏప్రిల్ 19

దోసిక్,

షూటింగు బ్రహ్మాండం! హీరో చేత మూడుసార్లు చేయిస్తారట, నా చేత ముప్పై ఒక్కసారి చేయించారు. ఎంత చూసినా తనివి తీరలేదన్నమాట. నేను "వెళ్తుంది" అని అసలు అనలేదు. మంచి నటుడికి మాటెందుకు? డైరెక్టరు చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు, కదిలిపోయాడు పాపం. చివరిసారి మీ అక్క చెడగొట్టింది. నాకోసం సముద్రపు నాచులో అన్నం చుట్టి, కింబాప్ చేసి తెచ్చి వెనక సీట్లో కూర్చుంది కదా, ఉన్నట్టుండి "పిల్ల అడుగుతుంటే పలకవేమయ్యా? చేపల బుట్టలా కూర్చున్నావేం! వెళ్తుందమ్మా, ఎక్కు. పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?" అని అరిచి ఆ అమ్మాయి నోట్లో కింబాప్ ముక్క పెట్టేసింది. సిగ్గుతో చచ్చాను.

మాన్‌సూ

తా.క. ఆ ముక్క కత్తిరించమను.

సియోల్, జూన్ 2

బావగారికి,

కాస్త కూర్చుని చదవండి. కత్తిరించారు. మొదటి ముప్పై కత్తిరించి, ముప్పై ఒకటోది ఉంచారు. అందులో మీ కుడి చెవి, భుజం కనిపిస్తాయి. నిన్న సినిమా వేసి చూపిస్తే అక్క అరుపుకి హాలంతా నవ్వింది. ఆ అమ్మాయి ముక్క నములుతూ కళ్లనీళ్లు పెట్టుకుంటే నవ్వినవాళ్లే కళ్లు తుడుచుకున్నారు. అది నటన కాదు బావా. ఆ పిల్ల నిజంగానే పొద్దున్నుంచి ఏమీ తినలేదట. డైరెక్టరుగారు కిందటి నెలలోనే తర్వాతి సినిమాలో అక్కకి పూటకూళ్లమ్మ వేషం రాశారు. పద్నాలుగు సీన్లు. అక్క ఒప్పుకుని పదిరోజులైంది. మీకు చెప్పే పని నా నెత్తిన పెట్టింది.

క్షమించమని కోరుతూ,
దోసిక్

తా.క. పూటకూళ్లమ్మ మొగుడి వేషం మీకిద్దామని అక్కకి రాశాను. "అది నటించడం వచ్చినవాళ్లకివ్వండి. మా ఆయన్ని టిక్కెట్టు కొనుక్కుని ముందు వరసలో కూర్చోనివ్వండి, ఆ పని ఆయనలా ఎవరూ చేయలేరు" అని జవాబు రాసింది.