ఆ రోజు రాని కుదుపు

గార్డు బాబాయికి,

జెండా పిల్ల నమస్కారాలు.

కవరు మీద రాత చూసి ఎవరో అనుకుని ఉంటారు. ఎదురు క్వార్టర్లో ఉండేదాన్ని. మీ గార్డు సామాన్ల ఇనప్పెట్టె మీద కూర్చుని కాళ్లూపుకుంటూ, మీ పచ్చజెండా పట్టుకుని వచ్చేపోయే వాళ్లందరికీ లైన్ క్లియర్ ఇచ్చినదాన్ని. ఆ పేరు మీరే పెట్టారు. మీరు మా గడప తొక్కడం మానేశాక ఇంట్లో ఎవరూ నన్నలా పిలవలేదు.

ఫోను చేయొచ్చు. కానీ నా గొంతు గుర్తుపట్టి పెట్టేస్తారేమోనని భయం. ఉత్తరమైతే ఎంత కోపమొచ్చినా బల్ల మీద పడి ఉంటుంది కదా, ఏదో ఒక పూట చదువుతారు.

నాకిప్పుడు రైళ్లతోనే పని. నవ్వకండి. కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే సిమ్యులేటర్లు తయారుచేసే కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాను. గది మధ్యలో అచ్చం ఇంజను క్యాబిన్, ముందు తెర మీద పట్టాలు. బండి ఎలా కదిలితే సీటూ అలా కదులుతుంది. అందులో ఎమర్జెన్సీ బ్రేకు పని నా నెత్తిన పడింది. మొదటిసారి రాసినప్పుడు హ్యాండిల్ లాగగానే అన్ని పెట్టెలూ ఒకేసారి బ్రేకు పట్టేసి, బండి మెత్తగా ఆగింది. అందరూ భేష్ అన్నారు. నాకే ఎక్కడో తేడా కొట్టింది.

ఎందుకంటే ఒకే బండిలో ముందు డ్రైవరుగా నాన్నా, వెనక గార్డుగా మీరూ పనిచేసి వచ్చి, సాయంత్రాలు ఆ ఇనప్పెట్టె మీద పేకముక్కలు పంచుకుంటూ పోట్లాడుకున్న మాటలు నా చెవిలోనే ఉన్నాయి. "నువ్వు ముందు గాలి వదిలితే అది ఖాళీ అవుతూ నా దాకా రావద్దూ? ఈలోగా వెనక పెట్టెలన్నీ వచ్చి నీ నడుం మీద గుద్దుతాయి, నా టీ ఒలికిపోతుంది" అనేవారు మీరు. "అయితే టీ మానెయ్" అనేవాడు నాన్న. రైలంత పొడుగు గొట్టంలో గాలి నిండి ఉన్నంతసేపూ బ్రేకులు వదిలి ఉంటాయనీ, గాలి పోతేనే పట్టుకుంటాయనీ నేను బడిలో నేర్చుకోలేదు బాబాయ్, మీ పేకాటలో నేర్చుకున్నాను. ప్రోగ్రాము మార్చి రాశాను. ఇప్పుడు వెనక నుంచి కుదుపు వస్తోంది.

అడగాలనుకున్నది ఇదీ. బండి చివర మీ బ్రేకు వ్యానులో మీకూ ఒక వాల్వు ఉండేది కదా, దాన్ని తెరిస్తే బండి ఎలా ఆగుతుంది? మా టీం లీడరు దాన్ని తీసేద్దామంటున్నాడు. శిక్షణకు వచ్చేది డ్రైవర్లు, వెనక మనిషితో పనేంటని అతని వాదన.

చెట్టు పడిన రోజు గురించి అడగడం లేదు. అడగాలనే ఉంది, అయినా అడగడం లేదు.

మీ
జెండా పిల్ల

*

జెండా పిల్లా,

పెట్టేసే రకం అనుకున్నావా నన్ను? సరేలే, పెట్టేసేవాణ్ణేమో.

నీ ప్రశ్నకు జవాబు. ముందు ఒక్కడే గాలి వదిలితే ఇంజను వైపు పెట్టెలు ముందు పట్టుకుంటాయి, వెనకవి పరుగున వచ్చి తోస్తాయి. అదే సమయానికి వెనక నుంచి నేనూ తెరిచాననుకో, గాలి రెండు వైపులా ఖాళీ అవుతుంది. వెనక పెట్టెలు తోయవు, తమంతట తామే పట్టుకుంటాయి. బండి కాస్త ముందే ఆగుతుంది, డ్రైవరు నడుమూ బాగుంటుంది.

చెట్టు పడిన రోజు అదే జరిగింది. మలుపులో బండి వంగినప్పుడు చివరి పెట్టెలోంచి కూడా ముందున్నది కనబడుతుంది. నేను కిటికీలోంచి బయటికి వంగి ఉన్నాను. ఎందుకు వంగి ఉన్నానో మీ నాన్నకు తెలుసు. చెట్టు కనబడింది, వాల్వు తెరిచాను. అక్కడ ఇంజన్లో ఆయనా బ్రేకు లాగాడు. ఇంజను చెట్టుకొమ్మలు తాకి ఆగింది. ఎవరికీ గీత కూడా పడలేదు.

తర్వాత సన్మానం. గోడగడియారం ఇచ్చారు మీ నాన్నకు. మైకు పట్టుకుని ఆయన, "వెనక మావాడు ఫ్లాస్కు మూత పెట్టేలోపు నేను బండి ఆపేశాను" అన్నాడు. హాలంతా నవ్వింది. నేను లేచి, "నేనూ వాల్వు తెరిచాను" అన్నాను. "ఎప్పుడూ? బండి ఆగాకా?" అన్నాడు. ఇంకా నవ్వారు. మీ పిన్ని పక్కనే ఉంది. భోజనం చెయ్యకుండా వచ్చేశాం.

ఇది మీ నాన్నకు చూపించకు. ఇన్నేళ్లకు నాకు సాక్ష్యాలేమీ వద్దు. పిన్ని నిన్ను అడిగానని రాయమంది, రాశాను.

బాబాయి

*

బాబాయ్,

మీ ఉత్తరం నాన్నకు చూపించలేదు, మాట నిలబెట్టుకున్నాను. కానీ ఇంకో పని చేశాను. కోపం వస్తే నా మీదే చూపించండి.

రిటైరైన డ్రైవర్లతో ఒకసారి నడిపించి చూద్దామని మా ఆఫీసులో అనుకున్నారు. నాన్నను తీసుకెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లివారింటికి వెళ్తున్నట్టు వచ్చాడు. క్యాబిన్‌లో కూర్చోగానే మనిషి మారిపోయాడు. హారను వేసి, "ఇదేంటే, పిల్లి తోక తొక్కినట్టుంది" అని వెక్కిరించాడు. బ్రేకుకు మాత్రం వంక పెట్టలేదు. నేను లోపల్లోపల పొంగిపోయాను.

ఆయనకు చెప్పకుండా ఆ మలుపునే పెట్టాను బాబాయ్. ఆ ఎడమవైపు కట్ట, ఆ రాళ్ల గోడ, మలుపు చివర అడ్డంగా చెట్టు. మలుపు మొదలవగానే నాన్న ఏం చేశాడో తెలుసా? ఎడమ చెయ్యి కిటికీలోంచి బయటికి పెట్టి ఊపాడు. తెర మీద బొమ్మ రైలు, వెనక ఉన్నది గోడ. అయినా ఊపాడు. "ఎవరికి నాన్నా?" అన్నాను. "ఎవరికీ లేదు, అలవాటు" అని చెయ్యి లోపలికి లాక్కున్నాడు. మీరెందుకు బయటికి వంగి ఉన్నారో అప్పుడు నాకు తెలిసింది.

అంతలో చెట్టు వచ్చింది. లాగాడు. వెనక నుంచి పెట్టెలు వచ్చి గుద్దాయి, సీటు ఆయన్ను ముందుకు తోసింది. బండి ఆగాక కూడా హ్యాండిల్ వదల్లేదు. "ఆ రోజు ఇది రాలేదు" అన్నాడు. ఏది నాన్నా అంటే, నడుం మీద చెయ్యి వేసుకుని, "ఈ గుద్దు" అన్నాడు.

మళ్లీ మొదటి నుంచి పెట్టాను, ఈసారి వెనక వాల్వు కూడా తెరుచుకునేలా. నాన్న లాగాడు. కుదుపు రాలేదు. ఆయన మళ్లీ నడుం తడిమి చూసుకున్నాడు. ఆ రోజు పట్టాలు ఎంత తడిగా ఉన్నాయో, చక్రాలు ఎంత జారాయో నాకు తెలియదు. కాబట్టి నా కంప్యూటరు సాక్ష్యం చెల్లదు. నాన్న నడుం చెప్పింది మాత్రం ఆయనే విన్నాడు.

బయటికి వస్తుంటే మా టీం లీడరు ఎదురై, వెనక వాల్వు అనవసరం కదండీ అన్నాడు. "అది తీసేస్తే ఈ బండి నేనెక్కను" అన్నాడు నాన్న. ఇంటికొచ్చి ఆ గోడగడియారం కేసి చూస్తూ కూర్చున్నాడు. అమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు.

నాన్న నోరు జారడం తెలిసిన మనిషే కానీ తప్పయిందని చెప్పడం రాని మనిషి, నాకంటే మీకే బాగా తెలుసు. అందుకని ఆయన బదులు నేను చెబుతున్నాను. క్షమించండి బాబాయ్. ఆ సాయంత్రాలంటే నాకిష్టం. మీరిద్దరూ పోట్లాడుకుంటుంటే ఆ చప్పుడుకే నాకు నిద్ర పట్టేది. ఆ తర్వాత మా ఇల్లు మరీ నిశ్శబ్దంగా అయిపోయింది. మీ ఇల్లూ అంతేనేమో.

వాల్వు తీయలేదు, తీయను.

మీ
జెండా పిల్ల

*

జెండా పిల్లా,

నీ క్షమాపణ నీకే తిప్పి పంపుతున్నాను. నీ ఉత్తరం కంటే ముందే అసలు మనిషి వచ్చాడు.

గేటు చప్పుడైతే వెళ్లి చూశాను. దుప్పటిలో చుట్టిన మూట ఒకటి చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. జుట్టంతా పోయింది, ఆ నిలబడే పొగరు మాత్రం అలాగే ఉంది. బాగున్నావా అని కూడా అడగలేదు. "ఆ రోజు వెనక నుంచి కుదుపు రాలేదురా" అన్నాడు.

ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది. గేటు దగ్గరే అరిచేశాను. "పేరు నీకొచ్చిందని కాదురా నా బాధ. నన్ను చూసి నవ్వారనీ కాదు. ప్రతి మలుపులోనూ చెయ్యి ఊపేవాడివి, వెనక్కి తిరిగి చూసేవాడివి కూడా కాదు. నేను చూస్తున్నానని నీకు అంత నమ్మకం. మరి ఆ ఒక్క మలుపులో నేను లేనని ఎలా అనుకున్నావురా?" అన్నాను. పక్కింటివాళ్లు బయటికొచ్చారు. వాడు తల దించుకున్నాడు. "అందరూ నవ్వుతుంటే ఆగలేకపోయాను. తర్వాత నీ ఎదటికి రావడానికి మొహం చెల్లలేదు" అన్నాడు. తప్పయిందని చెప్పడం రాదని రాశావు. వాడికి తెలిసినట్టు వాడు చెప్పాడు, నాకు అర్థమైంది. పిన్ని వచ్చి, ఇద్దరూ లోపలికొచ్చి ఏడవండి అంది.

మూటలో ఉన్నది ఆ గడియారమే. గోడకు తగిలించి చూద్దును కదా, ఆలస్యంగా నడుస్తోంది. "రైలు నడిపినవాడి ఇంట్లో టైము ఇదేనట్రా?" అన్నాను. "టైము చూసేది గార్డు పని. నువ్వు రావడం మానేశావు" అన్నాడు. వీడితో గెలవలేం.

పేకాడాం. ఇప్పటికీ దొంగాట మానలేదు. సాయంత్రం ఇంటి పక్క స్టాపులో వాణ్ణి బస్సు ఎక్కించి గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాను. నా మోకాళ్లకు అంతసేపు నిలబడడం కష్టమే. పిన్ని లోపలికి రమ్మని కేకేస్తోంది. నేను కదల్లేదు.

వీధి చివర బస్సు మలుపు తిరిగింది. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఊగింది. తల మాత్రం ముందుకే ఉంది.

భుజం మీద తువ్వాలు తీసి ఊపాను.

నీ
గార్డు బాబాయి