దామోదరసామికి మా చొక్కా

ది. 14 జూన్, ఆదివారం, కోవిల్‌పట్టి. పొద్దుటినుంచి పడమటి గాలి. కయత్తారు వైపు మబ్బు పట్టినట్టే పట్టి విడిపోయినది. క్లబ్బు చొక్కాలు ఉతికి, గాలికి ఎగిరిపోకుండా చేతులు తాడుకు ముడివేసి ఆరవేయడమైనది.

కరిసల్ కప్పు ఫుట్‌బాల్ పోటీల కమిటీ అధ్యక్షులు, రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు,

కోవిల్‌పట్టి దీపం ఫుట్‌బాల్ క్లబ్బులో బంతులు, చొక్కాలు చూసుకొనే అయ్యాసామి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: విరుదునగర్ నవయుగ క్లబ్బు ఆటగాడు దామోదరసామి, వయసు 39, మా క్లబ్బులో చేరుటకు తమ ప్రత్యేక అనుమతి కోరుతూ మా కార్యదర్శి పంపిన దరఖాస్తు; అందులో రాయకుండా విడిచిపెట్టిన సంగతులు.

నేను రోజూ లెక్కల పుస్తకం రాసుకొనేవాడిని. తేదీ, ఎండావానా, చేసిన పని వేయకుండా ఏ కాగితం మీదా నా చేయి సాగదు. పైన రాసిన దానికి మన్నించవలెను. తెలుగులో రాయడానికి కారణం, తమరు నెల్లూరు వైపువారని తమ డ్రైవరు చెప్పడమే. తమిళంలో రాస్తే తమ బల్ల చేరకముందే ఎవరో ఒకరు చదివి, సాయంత్రానికి మా గ్రౌండు పక్క టీ కొట్టులో వినిపిస్తారు. ఇక్కడ తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నా చదవగలిగినవారు అరుదు. నేను అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఆంధ్రాకు పోయే బండిళ్ల లేబుళ్లు చూసి అక్షరాలు పట్టుకొన్నాను. తరువాత లారీ డ్రైవర్లు వదిలిపోయిన పాత పేపర్లలో కోర్టు నోటీసులు, టెండరు ప్రకటనలు చదివి మిగిలినది నేర్చుకొన్నాను. భాషలో దోషముంటే అది ఆ నోటీసులది.

1. దామోదరసామి పూర్వం మా క్లబ్బు కెప్టెన్. ఒట్టపిడారం పక్క పల్లెలో భూమిగల ఇంటివాడు. మాది కూలి కుటుంబం. మా అన్న పాలసామి గోల్‌కీపర్. ఇద్దరూ చిన్ననాటినుంచి ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నవారు. భూమి ఉన్నవాడినని దామోదరసామి మా దగ్గర ఎన్నడూ చూపించుకోలేదు. ఇది నిజము గనుక రాయవలసి వచ్చినది.

2. మా జట్టుకు ఒక పద్ధతి ఉండెను. ఆటలో మా ఇంటి మాటలోనే అరుచుకొనేవాళ్లం, అవతలివాళ్లకు అర్థం కాకుండా. అవతల ఎవరికైనా తెలుగు వస్తే ప్రమాదమని మా అన్న ఆ మాటలను కూడా మార్చినాడు. మా గ్రౌండుకు ఎడమవైపు కుళాయి ఉన్నది. కనుక 'నీళ్లకు పో' అంటే ఎడమకు పరుగెత్తవలెను. కుడివైపు రేషన్ అంగడి. 'బియ్యం తేపో' అంటే కుడికి. 'సద్ది కట్టు' అంటే గోలు ముందు మనుషులు గోడగా నిలబడవలెను. ఏ ఊరికి పోయినా ఇవే మాటలు. జట్టులోని తమిళ ఇళ్ల కుర్రవాళ్లు కూడా నేర్చుకొన్నారు. ఇవి ఎవరికీ బయటపెట్టబోమని గ్రౌండు మన్ను ముట్టించి అందరిచేత ఒట్టు పెట్టించినది కెప్టెనే.

3. తొమ్మిదేళ్ల కిందట కప్పు ఫైనల్ విరుదునగర్‌లో జరిగినది. ఆ ఏడే దామోదరసామి అవతలి నవయుగ క్లబ్బుకు మారినాడు. ఆ క్లబ్బు పెద్ద ఒకరు తన నూనె మిల్లులో ఉద్యోగం ఇచ్చినాడు. పోవడం తప్పని నేను అనడం లేదు. పొట్టకోసం పోయినవాళ్లు మా వీధిలో ప్రతి ఇంటా ఉన్నారు. ఫైనల్‌లో చేసినది వేరు. మా అన్న 'నీళ్లకు పో' అని అరవగానే దామోదరసామి తనవాళ్లకు తమిళంలో ఎడమ అని చెప్పినాడు. 'బియ్యం' అనేసరికి కుడివైపు ముగ్గురు కాచుకొని ఉన్నారు. మాటలు మార్చుకొనవచ్చును గదా అని తమరు అడుగుతారు. మార్చుకొన్నాము. అప్పుడు మావాళ్లకే తెలియక ఒకరినొకరు ఢీకొన్నారు. నాలుగు గోల్స్ పడినవి. నాలుగవది దామోదరసామి తానే కొట్టి, మా అన్న ముందు నిలబడి, మా అమ్మ అన్నం పెట్టిన నోటితో, "సద్ది కట్టుకోరా పాలసామీ, ఇంటికి పో" అని నవ్వినాడు. గేటు వరకు వినిపించినది.

4. తిరుగు బస్సులో మా అన్న పక్కన ఎవరూ కూర్చోలేదు. స్నేహితులిద్దరూ కలిసే ఆటను అమ్ముకొన్నారని సాత్తూరు దాటకముందే పుకారు పుట్టినది. మా అన్న ఆ రోజునుంచి గోల్‌లో నిలబడలేదు. ఇక్కడ కడలై మిఠాయి అనే వేరుసెనగ పట్టీల కంపెనీలో బెల్లం పాకం కలుపుతున్నాడు. గ్రౌండు వీధిన పోతే పని దగ్గర. అయినా రైల్వే గేటు చుట్టి పోతాడు, వానలో కూడా. ఆ వీధిలో పెళ్లికి పిలిచినా పోడు, చావుకు పిలిచినా పోడు. దామోదరసామి ఒక్క పూట ఈ ఊరు వచ్చి, 'మాటలు చెప్పినది నేను, పాలసామికి తెలియదు' అని అనియుంటే చాలును. విరుదునగర్ ఎంతో దూరం లేదు. బస్సులు చాలా ఉన్నవి.

5. ఇప్పటి సంగతి. ఈ ఏడు కప్పులో మా మొదటి ఆటే నవయుగతో. మా ముందువరస ఆటగాడు కణ్ణన్‌కు మడమ విరిగినది. దామోదరసామిని నవయుగవాళ్లు జట్టులో ఉంచుకొన్నా దించడం తగ్గించినారు. అతడే మా కార్యదర్శి ముత్తుకృష్ణన్‌కు ఫోను చేసి, వస్తానన్నాడు. నిన్న సాయంత్రం టీ కొట్టులో అభిమానులందరూ కూడి చర్చ జరిపినారు. అక్కడి మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

ముత్తుకృష్ణన్: "కాలు ముసిలిదైతే కానీ. గోలు యాడుందో వానికి కండ్లు మూసినా తెలుసు."

గ్రౌండు గేటు దగ్గర ఉడికించిన సెనగల సుండల్ అమ్మే సెల్వరాణి అక్క, మా ఆట ఒక్కటీ తప్పనిది: "తెలీక యేమి? వాడు బాగా నేర్సుకున్నేది మన గోలే గదా!"

ముత్తుకృష్ణన్: "నీ మొగునికి నలబై దాటలేదా అక్కా? వానితో కాపురం సేస్తానే ఉండావు గదా."

"నా మొగుడు విరుదునగర్‌లో ఇంకో ఇల్లు పెట్టలేదు తంబీ."

టీ కొట్టు అంతా నవ్వినది. కట్టు కట్టిన కాలు బెంచీమీద చాపుకొని కణ్ణన్ అన్నాడు: "నా సొక్కా వానికిస్తారా? పొట్ట కాడ పట్టదే."

పెద్దవాడు ఇరుళప్పన్ కసిరినాడు: "పాత కత ఇడిసిపెట్టండిరా. వయసు మాట్లాడండి. తొంబై నిమిషాలు. వానికి ఊపిరి నిలుస్తాదా, లేదా?"

వెనకనుంచి ఒక కుర్రవాడు: "నిలవకపోతే మనమే మోసుకోని వొద్దాము మామా. పెండ్లికొడుకు మాదిరి."

వద్దనేవాళ్లు ఎక్కువైనారు. నేను సభలలో మాట్లాడేవాడిని కాను, బంతులకు గాలి కొట్టేవాడిని. నిన్న లేచి నిలబడి, "పిలవండి" అన్నాను. అందరూ నావైపు తిరిగినారు. సెల్వరాణి అక్క గరిటె ఎత్తి, "యేమిడా అయ్యాసామీ, పాలసామి తమ్ముడివేనా నువ్వు? రోసం లేదా?" అన్నది. కాని పాలసామి తమ్ముడే ఒప్పుకొన్నాడు గదా అని వద్దన్నవాళ్లు కూడా చేయి ఎత్తినారు. దరఖాస్తు తమ దగ్గరికి వస్తున్నది ఆ విధంగానే. అక్కకు చెప్పని బదులు తమకు చెబుతున్నాను.

6. తమ నిబంధనల ప్రకారం ముప్పై అయిదు దాటిన ఆటగాడు కొత్తగా ఒక క్లబ్బులో చేరవలెనంటే అధ్యక్షుల సంతకం కావలెను. చేరిన తరువాత ఆ ఏడు మరి ఏ క్లబ్బుకూ ఆడరాదు. ఈ రెండవ మాట నాకు నచ్చినది. కనుక తమరు తప్పక సంతకం చేయవలెనని ప్రార్థన. అతడు మా చొక్కా వేసుకొనవలెను. వేసుకొని బెంచీమీద కూర్చొనవలెను. కూర్చొనే ఉండవలెను.

జట్టును దించే కోచ్ మారిసామి మా మేనత్త కొడుకు. ఆ ఫైనల్‌లో 'నీళ్లకు' పరుగెత్తి నడుము విరగ్గొట్టుకొన్నవాడు అతడే. మేమిద్దరం మాట్లాడుకొన్నాము. ఎక్కువ మాటలు అవసరపడలేదు. బెంచీని నేను తూర్పు గట్టుకు మార్చి పడమటికి తిప్పి వేస్తాను. సాయంకాలపు ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. ప్రతి ఆటలోనూ ఒకసారి, లే, కాళ్లు సాగదీసుకో అని మారిసామి చెబుతాడు. దామోదరసామి లేచి, సాగదీసుకొని, గీత దగ్గర నిలబడతాడు. అప్పుడు మరల కూర్చోమని చెప్పబడును. వచ్చే ఏడు అతనికి నలభై. ఇంకెవరూ పిలవరు. ఆ కాళ్లలో మిగిలియున్న కొంచెం ఆట వాడకుండానే ఎండిపోవలెనని నా కోరిక.

ఇది న్యాయమా అని తమరు అడిగితే, కాదు. నిబంధనలకు విరుద్ధము మాత్రం కాదు.

పై సంగతులు తమరొక్కరే చిత్తగించవలెను. గుమాస్తాలకు అందనీయరాదు.

ఈ ఒక్క కోపం తప్ప మిగిలిన అన్నిటా
తమ విధేయుడు,
ర. అయ్యాసామి

తా.క.: సంతకం ఆరకముందే మా అన్న పనినుంచి వచ్చినాడు. ఏమి రాస్తున్నావని అడిగినాడు. ఆయనతో నేను అబద్ధం చెప్పేవాడిని కాను. "సదువు" అన్నాడు. మొదటినుంచి చదివినాను. బస్సు సంగతి వచ్చినప్పుడు చేతికి అంటిన పాకం గోటితో గీరుకొంటూ కూర్చొన్నాడు. బెంచీ సంగతి వచ్చేసరికి తల ఎత్తినాడు.

"వాడు మన సొక్కా యేసుకుంటే, నేను యెవని బంతి ఆపేది?"

"నువ్వు ఆపేదేమిటన్నా?"

"నన్ను గోల్‌లో పెట్టమని రాయి. వాణ్ని అవతలే ఉండనీ."

"నీకు నలబై ఒకటి."

"వానికంటే రెండే గదా ఎక్కువ. గోల్‌లో పరిగెత్తే పని లేదు."

"వాళ్లు వాణ్ని దించకపోతే?"

"నేను నిలబడతా ఉండానని వానికి నేనే సెప్పి పంపిస్తా. యేడ్సి అయినా దిగుతాడు. దిగకపోతే బయపడినాడని సెల్వరాణి రెండు ఊర్లకూ సాటింపు యేస్తాది."

మా వదిన పెరియనాయగి వంటింట్లోనుంచి, "రాత్రికి మోకాలికి నూనె రుద్దేది మీ ఆఫీసరా?" అన్నది. కొంచెం ఆగి, "రాయి సామీ. తొమ్మిదేండ్లుగా ఈ మనిసి ఏదీ కావాలని అడిగిందిలేదు" అన్నది.

బంతి చేతిలోనుంచి జారితే ఊరు మళ్లీ నవ్వుతుందని నేను అన్నకు చెప్పినాను. ఆయన అన్న మాట ఇది: "జారితే జారనీ. అప్పుడు వాడు నన్ను గెలిసినట్టు. ఇంకా గెలవలేదు గదా. ఆ పొద్దు గెలిసింది నా మాటల్ని."

కనుక ఆరవ అంశంలో కోరినది పూర్తిగా రద్దు చేసుకొంటున్నాను. మారిసామికి నేనే చెప్పుకొంటాను. కొత్త ప్రార్థన ఏమనగా, దామోదరసామి మా క్లబ్బులో చేరుటకు అనుమతి నిరాకరించవలెను. కారణం వయోభారమని వేయవచ్చును. అతడు నవయుగలోనే ఉండి మాతో ఆడవలెను. రెండవది, నా అన్న పాలసామి, వయసు 41, మా క్లబ్బులో గోల్‌కీపరుగా చేరుటకు ప్రత్యేక అనుమతి ఇవ్వవలెను. వయసు విషయంలో ఉదారంగా చూడవలెను. ఈ రెండూ ఒకే కాగితం మీద అడగడం సబబు కాదని తెలుసును. ముత్తుకృష్ణన్ ఒప్పుకోడు. ఇరుళప్పన్ మామ ఊపిరి సంగతి అడుగుతాడు. తమ సంతకం ఉంటే నోరు మూస్తారు.

ఇది రాస్తూ ఉండగానే అన్న వాకిట్లోకి పోయి, కంపెనీ చేతి తొడుగులు వేసుకొని, రెండు బిందెలు దూరదూరంగా పెట్టి నడుమ నిలబడి నన్ను పిలిచినాడు. నేను బంతులకు గాలి కొట్టినవాడినే గాని ఏనాడూ తన్నినవాడిని కాను. పోయి ఒకటి తన్నినాను. గోడకు తగిలినది. రెండవది నేరుగా పోయినది, పట్టుకొన్నాడు. పట్టుకొని, నా గుండెలమీదికే విసిరికొట్టి, "వాడు ఇట్లా తడిమినట్టు కొడతాడా? కోపంగా కొట్టురా!" అన్నాడు. కోపానికి నాకు కొదవ లేదు. కాగితం ముగించి వస్తానని చెప్పి లోపలికి వచ్చినాను. ఇంకా అరుస్తున్నాడు. దీన్ని మడిచి కవరులో పెట్టి, రేపు పొద్దున ఫ్యాక్టరీకి పోయేముందు తమ డ్రైవరు చేతికే ఇస్తాను; అన్న మళ్లీ పిలుస్తున్నాడు, పోతున్నాను.